నగలన్నీ చిల్లులే

శనివారం, మాదాపూర్.

ఎల్లుండి తెరిచే వెలుగునీడల ప్రదర్శనలో తోలుబొమ్మల గదికి ఈరోజు లైట్లు పెట్టాం. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట బొమ్మలవి, మేకతోలు. ముందుగా నాలుగడుగుల సీత.

తెల్లగోడకి అర మీటరు ఇవతల బొమ్మ, దానికి రెండు మీటర్ల వెనక బల్బు. నీడ ఐదడుగులు, నిండుగా పడింది. కానీ వడ్డాణం లేదు, కంటె లేదు. తోలుబొమ్మకి నగలంటే ఉలితో కొట్టిన చిల్లులే. వాటిలోంచి వచ్చే వెలుగే ముత్యాలు, రాళ్లు. పెసరగింజంతే ఉంటాయి. పెట్టిందేమో ఆరు సెంటీమీటర్ల పాలరంగు బల్బు. నీడ అంచు ఎంత మసకబారుతుందో తెలియాలంటే బల్బు వెడల్పుని బొమ్మకీ గోడకీ ఉన్న దూరంతో హెచ్చవేసి, బల్బుకీ బొమ్మకీ ఉన్న దూరంతో భాగించాలి. 6 × 50 ÷ 200, అంటే ఒకటిన్నర సెంటీమీటరు. అంత మసకలో పెసరగింజ ఎక్కడ నిలుస్తుంది!

సెంటీమీటరు వెడల్పు ఎల్‌ఈడీ పెడితే మసక రెండున్నర మిల్లీమీటర్లకి దిగింది, నగలు తేలాయి. (విడివిడిగా నాలుగు చిప్పులున్న లైటు వద్దు, నలుగురు సీతలు పడతారు.) అయినా రంగు రాలేదు. తోలు వెలుగుని చెదరగొడుతుంది. అర మీటరు దాటేసరికి ఎరుపూ ఆకుపచ్చా కలిసి మట్టిరంగు ముద్ద.

బొమ్మలాటలో బొమ్మని తెరకి ఆనించి ఆడించేది అందుకే. ఆనితే దూరం సున్నా, మసకా సున్నా. ఆముదపు దీపాల రెపరెపల్లోనూ నగిషీ నిలిచింది ఆ ఆనికవల్లే. ఎంత చక్కటి ఆలోచన!

మధ్యాహ్నం గోడ వదిలేసి, తెల్లటి నూలుబట్ట బిగించి బొమ్మల్ని వెనక ఆనించాం. ఇప్పుడు మళ్లీ పాలబల్బే నయం. చిన్న ఎల్‌ఈడీ బట్టలోంచి కంట్లో గుచ్చుకుంటుంది. బల్బుని చూసేవాళ్ల తలలకన్నా పైకెత్తాం.

రంగులేసిన తోలు మీద పడే వెలుగు 50 లక్స్ (వెలుగు కొలత) దాటకూడదు. వెలుగు కొలిచే మీటరు 200 చూపిస్తే బల్బుని రెట్టింపు దూరం జరిపాం, నాలుగోవంతుకి పడింది. డిమ్మర్ జోలికి పోలేదు. చవక ఎల్‌ఈడీలు దానితో మిణుకుమంటాయి. కంటికి తెలియకపోయినా ఫోన్ వీడియోలో చారలొస్తాయి. బయట మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్‌కి దగ్గర. అందులోంచి నేరుగా వస్తే ఏమీ కనబడదు కాబట్టి ముందు నల్లపరదాల నడవా పెట్టించాం. పరిచయం బోర్డు అందులోనే. చదివేలోగా చూపు కుదురుకుంటుంది.

సాయంత్రానికి ఏసీ గాలికి తోలు ఎండి, సీత కుడికాలు తెరనుంచి రెండు సెంటీమీటర్లు లేచింది. ఒళ్లంతా పదునుగా ఉంది, ఆ కాలి మువ్వలు మాత్రం మసక. వెనక వెదురుబద్ద పెడితే దాని గీత కాలిమీద కనబడుతుంది. సన్న నైలాన్ దారం మడమ మీదుగా లాగి చట్రానికి కట్టాం, ఏసీ రెక్కలు పైకి తిప్పించాం. మువ్వలు పదకొండూ లెక్కకొచ్చాయి.