కారణం అనే గడి: ఒక వైద్య విద్యార్థి అనుభవం

డిప్రెషన్‌తో సెలవు పెట్టిన నన్ను తిరిగి తరగతులకు అనుమతిస్తూ కాలేజీ ముద్ర వేసిన కాగితం నిన్న సాయంత్రం నా చేతికి వచ్చింది. కోపం చల్లారకముందే ఇది రాస్తున్నాను.

జబ్బును గుర్తించడానికే నాకు నాలుగు నెలలు పట్టింది. డిప్రెషన్‌కు తొమ్మిది లక్షణాలనీ, వాటిలో కనీసం ఐదు రెండు వారాల పాటు ఉండాలనీ, ఆ ఐదింటిలో దిగులు గానీ, ఆసక్తి నశించడం గానీ ఉండి తీరాలనీ పరీక్షలో తడుముకోకుండా రాసి, తరగతిలో అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాణ్ణి నేను. అదే నేను, రోజూ తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి, ఒకే పేజీని పదిసార్లు చదివినా తలకెక్కకపోతే, దాన్ని బద్ధకం అనుకున్నాను.

చికిత్స గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. డిప్రెషన్ తీవ్రతను కొలిచే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళిలో 27కు 17 వచ్చాయి. చనిపోతే బాగుండునన్న ఆలోచనలను అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా పెట్టాను గానీ, సైకియాట్రిస్టు కాగితం పక్కన పెట్టి అదే మాట నోటితో అడిగేసరికి ఒప్పుకోక తప్పలేదు. మీరు మాత్రం మొదటే నిజం రాయండి. థైరాయిడ్ పరీక్ష చేయించారు, మందు మొదలుపెట్టారు. మొదటి వారమంతా వికారం, అయిదో వారానికి మామూలు నిద్ర.

అసలు కష్టం కాలేజీ ఆఫీసు కిటికీ దగ్గర మొదలైంది. ఆరు వారాల సెలవుకు నేను తెచ్చిన సర్టిఫికెట్‌లో ‘అనారోగ్యం’ అని మాత్రమే ఉండటంతో, రోగం పేరు లేకపోతే చెల్లదని గుమాస్తా తిప్పి పంపాడు. పేరు రాయించుకుని మళ్ళీ వెళితే, వెనుక వరుసలో జూనియర్లు నిలబడి ఉండగా దాన్ని గట్టిగా చదివి, "డిప్రెషనా? రేపు డాక్టరయ్యేవాడివి, నీకెందుకయ్యా ఇది?" అన్నాడు. వెనుక ఎవరో నవ్వారు. నేను బల్ల మీది స్టాంపు ప్యాడ్ అంచున ఎండిన సిరాను చూస్తూ నిలబడ్డాను. అదే కిటికీలో, కాలు విరిగిన నా సహాధ్యాయి పని పది నిమిషాల్లో అయిపోయింది.

అంతటితో వదల్లేదు. ఈ జబ్బు మళ్ళీ రాదని రాయించుకు రమ్మన్నారు. ఒకసారి డిప్రెషన్ వచ్చినవారిలో దాదాపు సగం మందికి మళ్ళీ వచ్చే అవకాశం ఉందని చదువు చెప్పే చోటే, ఏ వైద్యుడూ నిజాయితీగా రాయలేని ఆ వాక్యం అడిగారు. 2016లో జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన విశ్లేషణ ప్రకారం వివిధ దేశాల వైద్య విద్యార్థుల్లో సుమారు 27 శాతం మందికి డిప్రెషన్ గానీ, దాని లక్షణాలు గానీ ఉండగా, అలా తేలినవారిలో చికిత్సకు వెళ్ళింది 16 శాతం లోపే. మిగిలినవారు ఎందుకు వెళ్ళరో ఆ కిటికీ చుట్టూ తిరిగిన మూడు వారాల్లో నాకు అర్థమైంది.

చివరికి, రోగం పేరు తప్పనిసరి అన్న నియమం ఎక్కడుందో చూపించమని రాతపూర్వకంగా అడిగాను. అలాంటి నియమమే లేదు. ‘ప్రస్తుతం తరగతులకు, వార్డు పనికి హాజరు కాగల ఆరోగ్యంతో ఉన్నారు’ అని సర్టిఫికెట్‌లో ఒక్క వాక్యం సరిపోయింది. ఆ అర్జీ మొదటి రోజే పెట్టండి, నకలు దగ్గర ఉంచుకోండి, కిటికీ దగ్గర మాత్రం ఏమీ వివరించకండి.

మందు ఇంకా కనీసం ఆరు నెలలు వాడాలన్నారు. వచ్చే నెల మళ్ళీ చూపించుకోవాలి. ఆ పూట సెలవు చీటీలో కారణం అనే గడిలో ‘సొంత పని’ అని రాస్తాను.