కలశం మీద కొబ్బరికాయ

మా అటక మీద అట్టపెట్టె నిండా శుభలేఖలు ఉండేవి. పారేద్దామంటే ప్రతిదాని మీదా వినాయకుడో వేంకటేశ్వరుడో. పోయిన శ్రావణంలో మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "ఆదివారం మధ్యాహ్నం కొలాజ్ (కాగితం ముక్కలు అట్టకి అంటించి చేసే బొమ్మ) చేస్తున్నాం, పాత శుభలేఖలు, క్యాలెండర్లు, వారపత్రికలు ఉంటే తెండి" అని కనిపించగానే పీడ విరగడైందనుకుని (శుభలేఖల్ని అలా అనకూడదు, తెలుసు) పెట్టె భుజానేసుకుని కిందికి దిగాను. ఇచ్చేసి వచ్చేద్దామనుకున్నా. కూర్చోమన్నారు. నాకు మాత్రం వెళ్లాల్సిన చోటేముంది?

అప్పటికి ఉద్యోగం పోయి నాలుగు నెలలు. పంతొమ్మిదేళ్లు అకౌంట్స్ చూసినవాణ్ణి. ఇంట్లో తప్ప ఎవరికీ చెప్పలేదు. అడిగితే వర్క్ ఫ్రమ్ హోమ్ అనేవాణ్ణి.

మొత్తం ఏడుగురం. నడిపించేది మూడో అంతస్తు డ్రాయింగు మాస్టారు. ముందే దేవుళ్ల తగువు వచ్చింది, కత్తెర పెట్టొచ్చా అని. 71 ఏళ్ల మామ్మగారు తేల్చేశారు. దేవుడి బొమ్మలన్నీ తీసి డబ్బాలో వేస్తే గుడి దగ్గర రావిచెట్టు కింద పెట్టొస్తారట. పల్లకీలు, అరటిచెట్లు, కలశాలు మనవి.

ఫెవికాల్ పూస్తే పత్రికల పల్చటి కాగితం ముడతలు పడింది. మామ్మగారు మైదా జిగురు కాచి తెచ్చారు. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలపడం పాత పద్ధతే గానీ అది విషం, పిల్లలున్న చోట వద్దని మానేశారు. ఎప్పటికప్పుడు తాజాగా కాచుకోవడమే. పల్చగా పూసి, రాత్రంతా బరువైన పుస్తకం కింద పెడితే అట్టకి చదునుగా అంటుకుంటుంది.

మాస్టారు పాఠం రెండు నిమిషాల్లో ముగించారు. 1912లో పికాసో, కుర్చీ అల్లిక అచ్చువేసిన ఆయిల్‌క్లాత్‌ని బొమ్మలో అంటించి చుట్టూ తాడు కట్టాడట. అంతకన్నా ముందే ఇంగ్లండులో మేరీ డెలానీ అనే ఆవిడ 72వ ఏట రంగు కాగితాలు కత్తిరించి పూలు అంటించడం మొదలుపెట్టి, వెయ్యికి కాస్త తక్కువగా చేసిందట. అవి ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. "అయితే నాకింకా ఏడాది టైముంది" అన్నారు మామ్మగారు.

నియమం ఒకటే, ఇంకొకరి బొమ్మకి అర్థం చెప్పకూడదు. కంటికి కనబడింది మాత్రం అనొచ్చు. నా మొదటి అట్ట చూసి మామ్మగారు, "అన్నీ చదరాలే నాయనా, లెడ్జరులా ఉంది" అన్నారు. చూస్తే నిజమే. పల్లకీని కూడా గడిలో ఇమిడ్చాను. అది నియమంలోకి వస్తుందో రాదో గానీ రెండు రోజులు తలలో తిరిగింది.

మరుసటి ఆదివారం కత్తెర ముట్టుకోలేదు. పదో తరగతి అమ్మాయి నేర్పింది: "అంకుల్, న్యూస్‌పేపర్ నిలువుగా చింపితే గీత గీసినట్టు వస్తుంది, అడ్డంగా చింపితే దాని ఇష్టం." కాగితంలో నార ఒకే దిక్కున పరుచుకుని ఉంటుంది కాబట్టి అలా అని మాస్టారు చెప్పారు. నేను అడ్డంగా చింపడం మొదలెట్టాను. మొదట చేతులు ఒప్పుకోలేదు. వంకర అంచు చూస్తే లెక్క తేలని బాలెన్స్ షీటు చూసినట్టే ఉండేది.

నాలుగో వారం మాస్టారు కొత్త పని పెట్టారు. మీ అట్టలో ఒక్క బొమ్మని ఎంచుకుని, అదే మీరైనట్టు "నేను" అని మొదలెట్టి మాట్లాడాలి. వేళాకోళంగానే మొదలుపెట్టాను. "నేను కలశం మీద కొబ్బరికాయని. పసుపు రాసి, బొట్టు పెట్టి కూర్చోబెట్టారు. పెళ్లయ్యేదాకా కదలకూడదు. అయిపోయాక నన్నేం చేశారో ఎవరికీ గుర్తుండదు."

ఆపై మాట రాలేదు. ఎవరూ కదల్లేదు. ఎందుకు అన్నానో తెలీదు, "నాకు ఉద్యోగం పోయి ఐదు నెలలైంది" అనేశాను.

మాస్టారు నియమం గుర్తుచేసేలోపే మామ్మగారు అందుకున్నారు. "గుర్తుండకపోవడమేంటి నాయనా, కలశం కొబ్బరికాయతో పాయసం వండుతాం!"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చి మా ఆవిడకి చెబితే ఆవిడ నవ్వలేదు. "ఐదు నెలలు నాక్కూడా ఈ మాట చెప్పలేదు" అంది. ఉద్యోగం సంగతి కాదు, కొబ్బరికాయ సంగతి.

పని ఇంకా దొరకలేదు. ఆ అట్ట బీరువా పక్కన గోడకి ఆనించి ఉంది. గోడకి కొట్టమంటుంది మా ఆవిడ, నేను ఊరుకుంటున్నాను. మైదా జిగురు కాచే వంతు మాత్రం ఈ నెల నాదే. ఉండ కట్టకుండా కాచడం ఇంకా రావడం లేదు.