డోన్ స్టేషన్‌లో తత్కాల్: తేదీ దగ్గరే అసలు తిరకాసు

చెల్లెలు సోమవారం బెంగళూరులో హాస్టల్లో చేరాలి, తోడుగా అమ్మ. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌లో వెయిటింగ్ లిస్టు చాంతాడంత ఉంది. ఇక ప్రయాణానికి ముందు అప్పటికప్పుడు తీసుకునే తత్కాల్ టికెట్ తప్ప దారిలేదు.

మా డోన్ పేరుకు జంక్షనే గానీ ఊరు చిన్నది. గుంటూరు–గుంతకల్లు లైనూ, సికింద్రాబాద్ నుంచి కర్నూలు మీదుగా వచ్చే లైనూ ఇక్కడే కలుస్తాయి. బెర్తులు మాత్రం పెద్ద స్టేషన్ వాళ్లకూ మనకూ ఒకే కంప్యూటర్ లెక్కలోంచే వస్తాయి. ఇక్కడ క్యూ చిన్నది, అదొక్కటే మన లాభం.

అసలు తిరకాసు తేదీలో ఉంది. ప్రశాంతి తెల్లవారుజామున భువనేశ్వర్‌లో బయలుదేరి విజయవాడ, గుంటూరు, నంద్యాల దాటుకుని మా దగ్గరికొచ్చేసరికి అర్ధరాత్రి దాటుతుంది. తత్కాల్ తెరిచేదేమో బండి మొదటి స్టేషన్‌లో కదిలే రోజుకు ఒక రోజు ముందు. అమ్మావాళ్లు ఎక్కేది సోమవారం వేకువకు ముందు, బండి భువనేశ్వర్‌లో కదిలేది ఆదివారం, కాబట్టి తత్కాల్ శనివారమే. ఫారంలో మాత్రం సోమవారం తేదీ రాయాలి.

శనివారం చీకటితోనే వెళ్లాను. కిటికీ పక్కన అప్పటికే పేర్ల చీటీ తిరుగుతోంది. ఆ చీటీకి రైల్వేతో సంబంధం లేదు, కానీ క్యూలో దానిదే రాజ్యం. నా వెనక నాపరాళ్ల ఫ్యాక్టరీలో పనిచేసే అన్న ఫారం చూపించాడు. ఆదివారం తేదీ వేసి ఉంది.

“అన్నా, ఎప్పుడు ఎక్కల్ల నువ్వు?”

“రేపు రాత్రికి పా.”

“రాత్రి పన్నెండు దాటినాక సోమవారమే కదన్నా!”

వేళ్లమీద లెక్కపెట్టుకుని, నవ్వి, కొత్త ఫారం తెచ్చుకున్నాడు.

పదికి ఏసీ వాళ్లది, పదకొండుకు స్లీపర్. ఒక టికెట్టు మీద నలుగురికి మించరు. ఈమధ్య ఫారంలో రాసిన నంబరుకు ఓటీపీ వస్తోంది, అది చెబితేనే టికెట్ కదులుతుంది. అందుకే ఊళ్లో ఉన్న అమ్మ నంబరు కాకుండా జేబులో ఉన్న నా నంబరే రాశాను. నా ముందున్న పెద్దాయన కీప్యాడ్ ఫోన్‌లో మెసేజీ ఎక్కడుందో దొరక్క తడబడుతుంటే, క్లర్కు సార్ విసుక్కోకుండా “ఫోన్ ఇట్లియ్యి తాతా” అని తనే తెరిచి చదివేశాడు. క్యూలో అందరి చూపూ గోడ గడియారం మీదే. నా వంతుకు రెండు బెర్తులూ కన్ఫర్మ్ అయ్యాయి, ఒకటి లోయర్, ఒకటి సైడ్ అప్పర్.

ఇంటికొచ్చి టికెట్ చేతిలో పెడితే అమ్మ మళ్లీ మొదలుపెట్టింది: బర్రెను ఎవరు చూస్తారు, పాలు ఎవరు పోస్తారు, వచ్చేవారం పోతే కాదా అని. కన్ఫర్మ్ అయిన తత్కాల్ రద్దు చేస్తే పైసా తిరిగి రాదని చెప్పాను. కాసేపు టికెట్ వంక చూసి, “అయితే ఆ బర్రెను మీ నాయనే చూసుకుంటాడులే” అని సంచి సర్దుకోవడానికి లోపలికి పోయింది.