సౌండ్ ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష: తిరుపతి నుంచి సిద్ధమయ్యేవారి కోసం నా ప్రిపరేషన్ అనుభవాలు

ఇంటర్మీడియట్ ఎంపీసీ చదువుతూ, లేదా ఇప్పుడే పూర్తిచేసి, ఆడియో ఇంజనీరింగ్‌లో డిగ్రీ చేయాలనే ఆలోచనతో ఉన్న తిరుపతి, చిత్తూరు ప్రాంతాల మిత్రుల కోసం ఇది రాస్తున్నాను. ఇంజనీరింగ్, మెడిసిన్ ప్రవేశ పరీక్షలకు మన ఊళ్లో వీధికొక కోచింగ్ సెంటర్ ఉంది గానీ, ఈ పరీక్షకు ఏమి చదవాలో చెప్పేవారు నాకు ఒక్కరూ దొరకలేదు. చెన్నైలోని ఒక సంస్థలో నాలుగేళ్ల డిగ్రీకి నేను రాసిన పరీక్షలో మూడు భాగాలున్నాయి: రాతపరీక్ష, వినికిడి పరీక్ష, మౌఖిక పరీక్ష. మూడింటిలోనూ అడిగింది నిజానికి ఒకే విషయమని నా అభిప్రాయం. చెవికి వినబడినదాన్ని భౌతికశాస్త్రంతో వివరించగలరా, లెక్కలో తేలినదాన్ని చెవితో గుర్తుపట్టగలరా అన్నదే అక్కడ పరిశీలిస్తారు. సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ ఎక్కడుందో ఎవరూ అడగలేదు.

ముందుగా దారుల గురించి క్లుప్తంగా చెబుతాను. ఇంటర్ తరువాత నేరుగా చేరదగిన డిగ్రీలలో మనకు దగ్గరగా ఉన్నది చెన్నై తరమణిలోని ఎం.జి.ఆర్. ప్రభుత్వ ఫిల్మ్, టెలివిజన్ శిక్షణ సంస్థ అందించే ఆడియోగ్రఫీ (ధ్వనిముద్రణ) కోర్సు. ప్రైవేటు సంస్థలు కూడా చెన్నైలో, హైదరాబాదులో ఉన్నాయి. పుణెలో 1960లో ఏర్పడిన ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ, కోల్‌కతాలోని సత్యజిత్ రే సంస్థలోనూ సౌండ్ కోర్సులు డిగ్రీ పూర్తిచేసినవారి కోసం. 2009లో ఆస్కార్ అందుకున్న రసూల్ పూకుట్టి పుణె సంస్థలోనే చదువుకున్నారు. ఏ డిగ్రీ చదివినా ఆ దారి తెరిచే ఉంటుంది గానీ, ఇంటర్‌లో ఫిజిక్స్ ఉండాలి. అందుచేత పదో తరగతిలో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, గ్రూపు ఎంచుకునే ముందే ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలని కోరుతున్నాను. అర్హతలు, సీట్ల నిబంధనలు, పరీక్ష విధానం మారుతూ ఉంటాయి కనుక ఆ సంవత్సరపు ప్రాస్పెక్టస్‌ను మాత్రమే నమ్మండి.

రాతపరీక్షకు ఇంటర్ ఫిజిక్స్ పుస్తకమే ప్రధానమైన ఆధారం. మొదటి సంవత్సరంలోని డోలనాలు, రెండో సంవత్సరంలోని తరంగాలు, ప్రవాహ విద్యుత్తు, ఏకాంతర విద్యుత్తు అధ్యాయాలను, గణితంలో సంవర్గమానాలను నేను మళ్లీ మొదటినుంచి చదివాను. స్థిర తరంగాలు, అనునాదం, విస్పందనాలు అన్న మూడు అంశాల నుంచి ప్రశ్న రాకుండా ఉండదనే అనుకోండి. తెలుగు మాధ్యమంలో చదివినవారు అదే అధ్యాయాన్ని ఇంగ్లీషు పుస్తకంలో కూడా ఒకసారి చదవాలి, ఎందుకంటే ప్రశ్నపత్రం ఇంగ్లీషులో ఉంటుంది. భావన మీకు తెలుగులో పట్టుబడి ఉంటే ఆ పదాలు అలవాటు కావడానికి ఎక్కువ రోజులు పట్టదు.

అన్నిటికన్నా ఎక్కువ సమయం డెసిబెల్‌కు ఇవ్వండి. చాలామంది దీన్ని శబ్దం ఎంత పెద్దదో చెప్పే కొలతగా మాత్రమే చదువుతారు, కానీ ఇది రెండు పరిమాణాల నిష్పత్తికి సంవర్గమానం. సామర్థ్యం రెట్టింపయితే 3 డెసిబెల్‌లు పెరుగుతుంది, పది రెట్లయితే 10 పెరుగుతుంది. వోల్టేజి రెట్టింపయితే మాత్రం 6 పెరుగుతుంది, ఎందుకంటే వోల్టేజి రెట్టింపయినప్పుడు సామర్థ్యం నాలుగు రెట్లవుతుంది. సూత్రంలో ఒకచోట 10, మరొకచోట 20 ఎందుకు వస్తాయన్న సందేహం దీనితో తీరిపోవాలి. తీరేదాకా ముందుకు వెళ్లకండి. నాకు వచ్చిన ప్రశ్నల్లో ఒకటి ఇలాంటిదే: ఒక వాద్యం 80 డెసిబెల్‌లు వినిపిస్తుంటే, అలాంటివే రెండు కలిసి వాయిస్తే ఎంత? 160 అని రాసేవారు ఉంటారు. సమాధానం సుమారు 83. 90 కావాలంటే పది వాద్యాలు కావాలి. బ్రహ్మోత్సవాల్లో నాదస్వర బృందం పెద్దదైనకొద్దీ నాదం నిండుగా అనిపించడమే తప్ప, సంఖ్యతో సమానంగా శబ్దం ఎందుకు పెరగదో ఈ లెక్క చెబుతుంది.

దూరానికి సంబంధించిన నియమం కూడా ఇక్కడే నేర్చుకోవాలి. ఆరుబయట చిన్న మూలం నుంచి వచ్చే శబ్దం దూరం రెట్టింపయిన ప్రతిసారీ 6 డెసిబెల్‌లు తగ్గుతుంది. ఒక మీటరు దగ్గర 100 ఉన్న లౌడ్‌స్పీకరు 16 మీటర్ల దగ్గర 76కు దిగుతుంది. అయితే అదే స్పీకరును కల్యాణ మండపంలో పెడితే కొంత దూరం తరువాత శబ్దం పెద్దగా తగ్గదు, అక్కడ మనకు వినబడేది గోడల నుంచి తిరిగి వచ్చిన శబ్దమే గనుక. ఈ తేడాను పుస్తకంలో చదివిన సాయంత్రమే గోవిందరాజస్వామి ఆలయ వీధుల్లో నడిచి, ఆ తరువాత ఒక మండపంలో కూర్చుని చెవితో పోల్చుకున్నాను. ఆ తరువాత ఆ పాఠాన్ని మళ్లీ తిరగేయాల్సిన అవసరం కలగలేదు.

గదుల ధ్వనిశాస్త్రం నాకు ఈ సిలబస్‌లో అత్యంత ప్రీతిపాత్రమైన భాగం, మార్కులు కూడా ఇక్కడ సులభంగా వస్తాయి. హార్వర్డ్‌లో వాలెస్ సబైన్ 1890ల చివర్లో ఒక ఉపన్యాస మందిరంలో మాటలు అర్థం కాకపోవడానికి కారణం వెతుకుతూ, కుర్చీల మెత్తలు లోపలికీ బయటికీ మోయించి చేసిన ప్రయోగాల నుంచి ఈ శాస్త్రం మొదలైంది. శబ్దం 60 డెసిబెల్‌లు తగ్గడానికి పట్టే కాలం, గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, మొత్తం శోషణతో, అంటే గదిలోని ఉపరితలాలు శబ్దాన్ని పీల్చుకునే మొత్తంతో, భాగిస్తే వస్తుంది. దీన్ని మన ఊరి కల్యాణ మండపానికి వేసి చూడండి. పొడవు 30, వెడల్పు 20, ఎత్తు 6 మీటర్లు అనుకుంటే ఘనపరిమాణం 3,600 ఘనపు మీటర్లు. పాలరాతి నేల, సున్నపు గోడలు, కప్పు కలిపి మొత్తం శోషణ 120 చదరపు మీటర్లుగా తీసుకుంటే ప్రతినాద కాలం సుమారు 4.8 సెకన్లు వస్తుంది. అంతసేపు శబ్దం నిలిచే చోట ఒక అక్షరం మీద మరో అక్షరం పడి మాట ముద్దయిపోతుంది. ఇప్పుడు 400 మంది వచ్చి కూర్చున్నారనుకోండి. మనిషి ఒక్కొక్కరు సుమారు 0.45 చదరపు మీటర్ల శోషణ ఇస్తారనుకుంటే మొత్తం 300 అవుతుంది, కాలం 1.9 సెకన్లకు దిగుతుంది. ఖాళీ మండపంలో ఉదయం మైకు సరిచేసిన వ్యక్తి, ముహూర్తం వేళకు అన్నీ మళ్లీ ఎందుకు మార్చుకోవాల్సి వస్తుందో ఈ రెండు అంకెల్లో ఉంది. మౌఖిక పరీక్షలో నేను ఈ ఉదాహరణే చెప్పాను. పరీక్షకులు దాని మీదనే మరికొన్ని ప్రశ్నలు అడిగారు: తెరలు కడితే ఏ పౌనఃపున్యాలు ముందు తగ్గుతాయి, మంద్ర ధ్వనులు ఎందుకు మిగిలిపోతాయి అని. పలుచటి తెర పైస్థాయి ధ్వనులను మాత్రమే బాగా పీల్చుకుంటుంది. 100 హెర్ట్జ్ ధ్వనికి తరంగదైర్ఘ్యం దాదాపు మూడున్నర మీటర్లు ఉంటుంది, ఆ గుడ్డ దానికి అడ్డు కాదు.

ధ్వని వేగం విషయంలో 340 అని బట్టీ పట్టి వదిలేయకండి. 331కి ప్రతి డిగ్రీ సెల్సియస్‌కు 0.6 చొప్పున కలపాలి. 40 డిగ్రీల మన వేసవి మధ్యాహ్నం అది సెకనుకు 355 మీటర్లు. గాలివాద్యం శ్రుతి గొట్టంలోని గాలిలో ధ్వని వేగాన్ని బట్టి మారుతుంది కనుక, 25 డిగ్రీల నుంచి 40కి వెళితే శ్రుతి సిద్ధాంతరీత్యా రెండున్నర శాతం పెరగాలి, అంటే దాదాపు అర స్వరస్థానం. వాయించేవారి ఊపిరి గొట్టాన్ని ముందే వేడిచేస్తుంది గనుక నిజంగా వచ్చే మార్పు అంతకన్నా తక్కువ. ఇటువంటి షరతును కూడా జోడించి చెప్పగలిగితే పరీక్షకులు మీరు ఆలోచిస్తున్నారని గ్రహిస్తారు.

డిజిటల్ భాగం చిన్నది, చదవడం తేలిక. సీడీకి సెకనుకు 44,100 శాంపిళ్లు (ధ్వని తరంగం నుంచి తీసే కొలతలు), సినిమా, వీడియో పనికి 48,000. నమోదు చేయదలచిన అత్యధిక పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా ఎక్కువ శాంపిళ్లు తీసుకోవాలి. నమోదు చేయగల అతి చిన్న, అతి పెద్ద శబ్దాల మధ్య తేడా ఒక్కో బిట్‌కు సుమారు 6 డెసిబెల్‌ల చొప్పున 16 బిట్లకు 96, 24 బిట్లకు 144 వస్తుంది. ఇంతవరకు గట్టిగా వస్తే ప్రవేశ పరీక్షకు సరిపోతుంది.

మైక్రోఫోన్లను పుస్తకంలో కన్నా భజన మందిరంలో బాగా నేర్చుకోవచ్చు. డైనమిక్ మైకులో తీగచుట్ట అయస్కాంత క్షేత్రంలో కదులుతుంది, కండెన్సర్ మైకులో పలుచటి పొర కదలికతో కెపాసిటెన్స్ మారుతుంది, దానికి సాధారణంగా 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైకు తీగ ద్వారానే పంపే విద్యుత్తు) కావాలి. ఇది అందరూ రాస్తారు. ఉత్సాహంలో గాయకుడు మైకు తలను గుప్పిట్లో మూసి పట్టుకోగానే సౌండ్ బాక్స్ కూత పెడుతుంది కదా, ఎందుకు? కార్డియాయిడ్ మైకు, అంటే ముందువైపు శబ్దాన్నే ఎక్కువగా అందుకునే మైకు, వెనుకవైపు శబ్దాన్ని తిరస్కరించేది తల వెనుకనున్న రంధ్రాల గుండా వచ్చే గాలి వల్లనే. వాటిని చేత్తో మూస్తే అది అన్ని వైపుల నుంచీ వినే మైకుకు దగ్గరవుతుంది, స్పీకరు శబ్దం తిరిగి అందులోకి వస్తుంది. మనందరం చూసిన దృశ్యానికి కారణం చెప్పే ఇటువంటి సమాధానాలు పది సిద్ధం చేసుకుంటే మౌఖిక పరీక్షలో భయం ఉండదు.

వినికిడి పరీక్షను చాలామంది సంగీత పరీక్ష అనుకుని వెనకడుగు వేస్తారు. రాగం పేరు ఎవరూ అడగరు. రెండు ధ్వనుల్లో ఏది ఎక్కువ స్థాయిలో ఉంది, ఏ పౌనఃపున్య ప్రాంతాన్ని పెంచారు, ఏది దగ్గరి నుంచి రికార్డు చేసింది, ఎక్కడ వక్రీకరణ ఉంది, ఇలా ఉంటాయి ప్రశ్నలు. దీనికి నేను ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్ వాడాను. పింక్ నాయిస్ (అన్ని పౌనఃపున్యాలూ కలిసిన హోరు) తయారుచేసి, అందులో 125, 250, 500, 1,000, 2,000, 4,000, 8,000 హెర్ట్జ్‌ల వద్ద ఒక్కో చోట పెంచి, ఏది పెంచారో చూడకుండా చెప్పడం అభ్యాసం చేశాను. ఒక స్నేహితుడు పక్కన కూర్చుని మార్చి వినిపిస్తే ఈ అభ్యాసం చాలా వేగంగా సాగుతుంది. మొదట 12 డెసిబెల్‌లు పెంచి వినండి, తప్పులు తగ్గాక 6కు, ఆపైన 3కు దిగండి.

సహజ వాద్యాల కోసం మనవారికి ఉన్నంత అదృష్టం చాలామందికి లేదు. శ్రీ వేంకటేశ్వర సంగీత, నృత్య కళాశాల, మహతి ఆడిటోరియం, అన్నమాచార్య కళామందిరం ఉన్న ఊరు ఇది. కచేరీకి వెళ్లినప్పుడు ముందు వరుసలో కొంతసేపు, చివరి వరుసలో కొంతసేపు కూర్చుని, మృదంగం దెబ్బలో ఏమి పోయిందో, ఏమి మిగిలిందో రాసుకునేవాణ్ని. మృదంగాన్ని ప్రత్యేకంగా చదవమని చెబుతాను. మామూలు డోలు చర్మం కంపించినప్పుడు వచ్చే అతిస్వరాలు మూల పౌనఃపున్యానికి 1.59, 2.14 రెట్లు వంటి పూర్ణాంకాలు కాని నిష్పత్తుల్లో ఉంటాయి, అందుకే దానికి స్పష్టమైన శ్రుతి వినిపించదు. మృదంగం కుడిమూతి మీద వేసే నల్లటి ముద్ద ఆ బరువుతో అతిస్వరాలను దాదాపు పూర్ణాంక నిష్పత్తుల్లోకి తెస్తుంది. సి.వి. రామన్ 1920లోనూ, మళ్లీ 1934లోనూ దీని గురించి పరిశోధన పత్రాలు ప్రచురించారు. ఎడమమూతికి కచేరీకి ముందు తడిపి అంటించే రవ్వ ముద్ద ఆ వైపు స్థాయిని దించుతుంది. భౌతికశాస్త్రం, చెవి, మన సంగీతం ఒకచోట కలిసే ఇంతకన్నా మంచి అంశం నాకు తెలియదు.

మృదంగానికి రెండు మైకులు పెడితే ధ్వని పలచబడటానికి కారణం కూడా తప్పక తెలిసి ఉండాలి. ఒక మూతి ధ్వని రెండు మైకులకూ 34 సెంటీమీటర్ల తేడాతో చేరితే అది ఒక మిల్లీసెకను ఆలస్యం. రెండింటినీ కలిపినప్పుడు 500, 1,500, 2,500 హెర్ట్జ్‌ల వద్ద తరంగాలు ఎదురెదురు దశల్లో పడి ఒకదాన్నొకటి తగ్గించుకుంటాయి. మైకును జరపడం, ఒకదాని ధ్రువత్వం మార్చి వినడం, రెండో మైకు స్థాయి తగ్గించడం అనే మార్గాలను, ఏది ఎప్పుడు పనిచేస్తుందో కారణంతో సహా చెప్పగలగాలి.

ఇంట్లోవారికి ఈ చదువు గురించి చెప్పడం కూడా ప్రిపరేషన్‌లో భాగమే. మా నాన్నగారు మొదట పెళ్లిళ్లకు మైక్‌సెట్ పెట్టడానికి డిగ్రీ ఎందుకని అడిగారు. ఆ మైక్‌సెట్ పనిని ఆయన తక్కువ చేయడం నాకు నచ్చలేదు, ఆ పని చేసే అన్నల దగ్గర నేను నేర్చుకున్నది చాలా ఉంది. అయితే తిరుమల, తిరుపతిలో జరిగే కీర్తనల రికార్డింగు, భక్తి ఛానల్ ప్రసారాలు, రేడియో కేంద్రం, సినిమా డబ్బింగు, సభామందిరాల రూపకల్పన, ఇవన్నీ ఈ చదువుతో చేసే పనులేనని ఒక్కొక్కటిగా వివరించాక ఆయన దరఖాస్తు రుసుము తానే కట్టారు. మీ ఇంట్లోనూ ఉద్యోగాల పేర్లు చెప్పకుండా, పని ఎలా ఉంటుందో చెప్పి చూడండి.

చెవుల రక్షణ గురించి కచ్చితంగా చెప్పాలి. 85 డెసిబెల్‌ల శబ్దాన్ని రోజుకు 8 గంటలకు మించి వినరాదనీ, ప్రతి 3 డెసిబెల్‌లకు ఆ సమయం సగమవుతుందనీ వృత్తి ఆరోగ్య ప్రమాణాలు చెబుతాయి. అంటే 88కి 4 గంటలు, 100కు పావుగంట మాత్రమే. ఇయర్‌ఫోన్లతో అభ్యాసం చేసేవారు ధ్వనిని తక్కువలో ఉంచి, ప్రతి అరగంటకూ విరామం ఇవ్వాలి. పెద్ద శబ్దం విన్న తరువాత కొన్ని గంటలపాటు వినికిడి మందగిస్తుంది కనుక, పరీక్షకు ముందురోజు డీజే ఊరేగింపులకు, టపాసులకు దూరంగా ఉండండి. చెన్నైకి సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లోనో బస్సులోనో వెళ్లేవారు పరీక్ష రోజు ఉదయం బయలుదేరకుండా ముందురోజు సాయంత్రానికే చేరుకోవాలి. గంటల తరబడి కిటికీ పక్క హోరు విన్న చెవితో నేరుగా వినికిడి పరీక్షకు కూర్చోవడం మంచిది కాదు. రాతపరీక్షకు సంవర్గమానాల (లాగరిథమ్) విలువల్లో 2కు 0.301, 3కు 0.477 నోటికి వచ్చి ఉంటే, మిగిలినవి చాలావరకు వాటి నుంచే రాబట్టుకోవచ్చు.