నుదుటి చర్మంతో కొత్త ముక్కు

మా పెద్దమ్మ ఎడమ ముక్కుపుట మీద నల్లగా ఓ చిన్న కాయలాంటిది ఉండేది. చూసినవాళ్లంతా పుట్టుమచ్చే అన్నారు. కానీ పుట్టుమచ్చ ముఖం కడుక్కున్నప్పుడల్లా నెత్తురు కారుతుందా, పక్కు కట్టి ఊడి మళ్లీ కడుతుందా? చర్మం డాక్టర్ చూడగానే బయాప్సీ, అంటే చిన్న ముక్క కోసి పరీక్షకు పంపాలి అన్నారు, ఇంట్లో ఒకటే గోల, కత్తి పెడితే కాన్సర్ పాకుతుందని. ఈ మాట ఎవరు పుట్టించారో గానీ, దీన్ని నమ్మి ఏళ్లు గడిపేసేవాళ్లు ఎంతమందో!

రిపోర్టులో బేసల్ సెల్ కార్సినోమా అని వచ్చింది, ఒక రకం చర్మ కాన్సర్. ఇది వేరే అవయవాలకు పాకడం చాలా అరుదు, కాకపోతే వదిలేస్తే ఉన్నచోటే తినేసుకుంటూ పోతుంది. మనవాళ్లలో చాలాసార్లు నల్లగానే ఉంటుంది కాబట్టి మచ్చ అనుకుని ఊరుకుంటారు.

చుట్టూ నాలుగైదు మిల్లీమీటర్ల మంచి చర్మంతో సహా తీసేసి, అంచులు ల్యాబ్‌కి పంపి, కాన్సర్ మిగల్లేదని కబురొచ్చాకే ముక్కు కట్టడం మొదలుపెట్టారు. అసలు టెన్షన్ అక్కడే. నుదుటి మీంచి ఓ పట్టీలా చర్మం లేపి, కనుబొమ దగ్గర రక్తనాళంతో పాటు అతుకు అలాగే ఉంచి, కిందికి తిప్పి ముక్కుకి కుట్టారు. కొత్తచోట రక్తం అందుకునేదాకా, అంటే దాదాపు మూడు వారాలు, కనుబొమ నుంచి ముక్కు దాకా ఆ చర్మం తాడులా వేలాడుతూనే ఉంటుంది. ఈ సంగతి ముందే ఫొటో చూపించి చెప్పాలి, మాకు నోటిమాటగా చెప్పి వదిలేశారు. అద్దం చూసుకుని పెద్దమ్మ ఓ పూట అన్నం ముట్టలేదు. కళ్లజోడు పెట్టుకోవడానికి వీల్లేదు, సీరియల్ చూడ్డం మానేసి వినడం మొదలుపెట్టింది. డాక్టర్‌ని ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: "బొట్టు ఎక్కడ పెట్టుకోవాలి బాబూ?"

ఇదేమీ విదేశాల నుంచి వచ్చిన విద్య కాదు. టిప్పు సుల్తాన్ మనుషులు ముక్కు కోసేసిన కవాస్జీ అనే బండివాడికి పూణే దగ్గర ఇలాగే నుదుటి చర్మంతో ముక్కు కట్టారని 1794లో లండన్ పత్రికలో పడింది, అది చదివాకే కార్ప్యూ అనే సర్జన్ 1814లో అక్కడ చేశాడు.

పెద్దమ్మకి రెండో ఆపరేషన్‌లో ఆ కనుబొమ దగ్గరి అతుకు కోసేశారు. ముక్కు కాస్త లావుగా ఉంది, కావాలంటే తర్వాత పల్చన చేస్తామన్నారు, "ఇంకో కోత నా వల్ల కాదు" అనేసింది. ఇలాంటిది ఇంకోచోట కూడా రావచ్చు కాబట్టి చెకప్‌లు తప్పవు. ఎండలోకి వెళ్తే గొడుగు పడుతుంది గానీ, సన్‌స్క్రీన్ మాత్రం జిడ్డట, రాసుకోదు.