తడి గొంతు, పొడి గొంతు

"ఇది ఎవరు నిర్ణయించారు?"

మా స్టూడియో పెద్దాయన అడిగింది ఇంతే. గొంతు పెంచలేదు, కుర్చీలోంచి లేవలేదు. గాయని, ఆమెతో వచ్చిన నిర్మాత, చెల్లో వాయించే కుర్రాడు అందరూ అక్కడే ఉన్నారు. స్పీకర్లలో ఆమె గొంతు ఒక్కటే వినిపిస్తోంది. ముందురోజు నేను వేసిన రివర్బ్, అంటే గొంతుకు పెద్ద హాలు మోత తగిలించే ఎఫెక్టు, ప్రతి మాట చివరా గుడిగంట మోతలా సాగుతోంది. నిర్మాతకేమో ఆ పాట చెవి పక్కన కూర్చుని చెబుతున్నట్టు ఉండాలట. ఆ మోత తీసేయమన్నాడు. తీయడానికి అది విడిగా ఉంటే కదా! గొంతుతో కలిసి ట్రాకులోనే పడిపోయింది.

"బాగుంటుందని వేశాను" అన్నాను.

"బాగుందా లేదా అని అడగలేదు. ఎవరు నిర్ణయించారని అడిగాను."

బెర్లిన్‌లో నాకిది నాలుగో ఏడు. మా స్టూడియోలో యజమానినైనా పేరు పెట్టే పిలవాలి. ఆయనకు 62 ఏళ్లు, నాకు ఇప్పటికీ నోరు రాదు. ఏదైనా చెప్పాల్సి వస్తే ఎదురుగా వెళ్లి నిలబడి, ఆయన తల ఎత్తేదాకా ఆగి, అప్పుడు మొదలుపెడతాను. ఆయన దాన్ని బిడియం అనుకుంటారు. విజయవాడలో మా మాస్టారైతే చేతిలో ఉన్న కేబుల్ చుట్ట విసిరేవారు, "నీ మొహానికి రికార్డింగొకటా" అనేవారు, పది నిమిషాలకు ఆయనే టీ చెప్పించేవారు. తిట్టు అక్కడితో చెల్లు. ఇక్కడ తిట్టూ లేదు, టీ కూడా లేదు. ఆ ప్రశ్న ఒక్కటే మిగిలింది. దాన్ని మూడు రోజులు నమిలాను.

నా వాదన కూడా వినండి. ఆ రోజు ఏడుగురిని ఒకే గదిలో కూర్చోబెట్టి ఒకేసారి రికార్డు చేశాం. పదహారు మైకులు, పదహారు ట్రాకులు. ఇలాంటప్పుడు పాడేవాళ్లకు హెడ్‌ఫోన్లలో తమ గొంతు ఎలా వినిపిస్తోందన్నదే సగం పని. ఏ అలంకారమూ లేని ఒట్టి గొంతు చెవిలో పడితే ఎంతటివాళ్లైనా బిగుసుకుపోతారు. మనవాళ్లకు ఈ సంగతి చెప్పాలా? వినాయక చవితి పందిట్లో మైకు అందుకున్న ఎవరైనా మొదట అనే మాట "కొంచెం ఎకో వేయండి బాబూ" అనే కదా. జర్మనీ గాయనికీ గొంతు గొంతే. మొదటి రెండు టేకుల్లో పై స్వరం దగ్గర జారింది. మూడోసారి గొంతు హెచ్చుతగ్గులను సర్దే కంప్రెసర్ తగిలించి, రివర్బ్ వేశాను. ఆమె కళ్లు మూసుకుంది. జారిన చోటే గొంతు నిలబడింది. ఆ టేకును పాడించింది రివర్బే. మరి ఆ టేకులో దానికి వాటా ఉండకూడదా?

పాడుతుండగానే ఎఫెక్టు వేయడం వినడానికి తేలిక, చేయడానికి కాదు. కంప్యూటర్ శబ్దాన్ని ధారగా పట్టదు, చెంబులతో తోడుకుంటుంది. సెకనుకు 48,000 నమూనాల చొప్పున వచ్చే శబ్దాన్ని చెంబుకు 128 లెక్కన తోడితే ఒక చెంబు నిండడానికి 2.7 మిల్లీసెకన్లు పడుతుంది. 1,024 పట్టే బిందె పెడితే 21. లోపలికి ఒక బిందె, బయటికి ఒక బిందె. అంటే ఆమె నోరు తెరిచాక 40 మిల్లీసెకన్లు దాటితే గానీ ఆమె పాట ఆమె చెవికి చేరదు. గాలిలో మీటరు దూరం దాటడానికి శబ్దానికి దాదాపు 3 మిల్లీసెకన్లు కావాలి. ఆ లెక్కన పద్నాలుగు మీటర్ల దూరాన ఎవరో నిలబడి తన గొంతుతోనే తనను వెక్కిరిస్తున్నట్టు ఉంటుంది. తాళం ఎక్కడ నిలుస్తుంది? పోనీ చిన్న చెంబే పెడదామంటే, పదహారు ట్రాకులకూ ఎఫెక్టులు తగిలించిన కంప్యూటర్‌కు ఊపిరాడదు. మరుసటి చెంబు నిండేలోపు లెక్క తెమలక చిటపటలు మొదలవుతాయి. ఆ చిటపట మంచి టేకులో పడిందంటే ఏడవడం ఒక్కటే మిగులుతుంది.

అందుకే మా స్టూడియోలో ఈ లెక్కలు చేసే చిప్పులు విడిగా ఉన్న ఆడియో పెట్టె ఒకటి ఉంది. మైకు తిన్నగా దాంట్లోకే వెళ్తుంది, కంప్రెసరూ రివర్బూ దాంట్లోనే పనిచేస్తాయి, ఆలస్యం చెవికి తెలియదు. దాని తెర మీద చిన్న మీట ఉంటుంది. ఒక వైపు పెడితే ఎఫెక్టు చెవులకు మాత్రమే, డిస్కు మీదికి ఒట్టి గొంతు వెళ్తుంది. రెండో వైపు పెడితే రెండింటికీ ఎఫెక్టే. నేను రెండో వైపు పెట్టాను. మరిచిపోయి కాదు, తెలిసే.

ఎఫెక్టు తగిలినదాన్ని ఈ వృత్తిలో తడి అంటారు, తగలనిదాన్ని పొడి అంటారు. తడి ఒక ట్రాకులో, పొడి ఒక ట్రాకులో విడివిడిగా ఉంచాలని ఇక్కడి నియమం. వినగానే నాకు పొద్దున్నే వీధిలోకి వచ్చే మున్సిపాలిటీ చెత్తబండి గుర్తొచ్చింది. కాగితానికో డబ్బా, ప్లాస్టిక్‌కో డబ్బా, తెల్ల సీసాలకొకటి, రంగు సీసాలకొకటి పెట్టుకునే ఈ దేశం పాటను మాత్రం వదులుతుందా అని కసిగా అనుకున్నాను కూడా.

ఇంకా ఉడికించిన సంగతి గిటారు. ఆ రోజు గిటారు వాయించినవాడి కాళ్ల దగ్గర తొమ్మిది పెట్టెలు. ఎకో, రివర్బ్, గరగరలాడించేది, వణికించేది అన్నీ ఉన్నాయి. ఆ తొమ్మిదీ దాటుకుని వచ్చిన శబ్దమే యాంప్లిఫయర్‌లోకి, అక్కడి నుంచి మైకులోకి, మైకులోంచి ట్రాకులోకి వెళ్లింది. పూర్తిగా తడి. దాన్ని ఎవరు నిర్ణయించారని ఎవరూ అడగలేదు. అతని కాలు కింద పెట్టె సంగీతమట, నా చేతి కింద పెట్టె తప్పట. రివర్బ్ రివర్బే కదా!

మా మాస్టారి దగ్గర నేను నేర్చుకున్నది తడి పనే. గవర్నరుపేటలో రెండో అంతస్తు గది, గోడలకు కోడిగుడ్ల అట్టలు (వాటివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదని ఇక్కడికి వచ్చాక తెలిసింది). ఎనిమిది మైకుల మిక్సర్, ఒకే ఒక్క ఎఫెక్టుల పెట్టె. బల్ల కింద ఎందుకుందో తెలియని పాత కంప్యూటర్ ఒకటి రోజంతా గుర్రుమంటూ ఉండేది. నేను దాని మీద కాళ్లు పెట్టుకునేవాణ్ణి. గుడివాడ వైపు నుంచి భజన బృందాలు పొద్దున్నే దిగేవి. హార్మోనియం, డోలక్, తాళాలు, పాడే పెద్దావిడ, ఆవిడ వెనక వంత పాడేవాళ్లు, అందరూ ఒకే జంపఖానా మీద. సాయంత్రం ఏడు గంటల బస్సుకు వాళ్లు సీడీ పట్టుకుని వెళ్లిపోవాలి. తర్వాత తీరిగ్గా మిక్స్ చేయడానికి టైమెక్కడ? వాళ్లు పాడుతుండగానే మాస్టారి ఎడమ చెయ్యి రివర్బ్ మీద, కుడి చెయ్యి ఒక్కో మైకు శబ్దాన్ని పెంచి తగ్గించే ఫేడర్ల మీద ఆడుతుండేవి. పల్లవికి కొంచెం ఎక్కువ, చరణంలో మాటలు తొక్కిసలాడే చోట తక్కువ, చివరి సాగదీతకు మళ్లీ ఎక్కువ. అదీ ఒక వాద్యమే. "వాళ్లు మెట్లు దిగేటప్పటికి పాట పాటలా ఉండాలి" అనేవారు. పప్పులో తాలింపు వేశాక తీయగలమా? తీయాలని ఎవరు అడుగుతారు?

మూడో రోజు యూ2 రైల్లో వస్తూ మెండెల్సోన్ బార్తోల్డీ పార్క్ స్టేషన్‌లో కావాలని దిగాను. నాలుగు అడుగులు వేస్తే క్యోటెనర్ వీధి, అందులో హాన్సా స్టూడియో. ఒకప్పుడు దాని కిటికీల్లోంచి బెర్లిన్ గోడ కనిపించేది. 1977లో బ్రిటిష్ గాయకుడు డేవిడ్ బోయీ అక్కడే "హీరోస్" పాట రికార్డు చేశాడు. టేపు మీద గొంతుకు మిగిలింది ఒక్క ట్రాకే. నిర్మాత టోనీ విస్కాంటీ పెద్ద హాలులో మూడు మైకులు పెట్టాడు. ఒకటి నోటి దగ్గర, రెండోది ఆరు మీటర్ల దూరాన, మూడోది పదిహేను మీటర్ల దూరాన. దూరపు మైకులకు గేట్లు పెట్టాడు. పాడేవాడు గొంతు పెంచితేనే అవి తెరుచుకుంటాయి, హాలు మోత అప్పుడే లోపలికి వస్తుంది. అదంతా కలిసి ఆ ఒక్క ట్రాకులోనే పడింది. అందుకే పాట చివరికి వచ్చేసరికి ఆ గొంతు గోడలు బద్దలు కొడుతున్నట్టు ఉంటుంది. ఆ తడిని ఇప్పుడు ఎవరు పిండగలరు?

ఇంతకంటే మంచి సాక్ష్యం ఉంటుందా! మర్నాడు పెద్దాయన ముందు నిలబడ్డాను, తల ఎత్తేదాకా ఆగాను, మొత్తం ఏకరువు పెట్టాను. ఆయన అడ్డు రాకుండా విన్నారు. తర్వాత అన్నారు: "ఆ మూడు మైకులూ అక్కడ ఎందుకున్నాయో పాడేవాడికి తెలుసు. గిటారు పెట్టెలు గిటారువాడివి. నువ్వు మీట ఎటు వైపు పెట్టావో ఆమెకు చెప్పావా?"

చెప్పలేదు. ఏడు గంటల బస్సు వాళ్లకు ఎప్పుడైనా చెప్పామా, ఇప్పుడు చెప్పడానికి? వాళ్లు మాస్టారి చేతిలో పెట్టేసి వెళ్లేవారు. దాన్ని నమ్మకం అనేవాళ్లం. ఇక్కడ దానికి వేరే పేరు ఉన్నట్టుంది.

గాయని మళ్లీ వచ్చి పాడింది. ఈసారి మీట మొదటి వైపు. చెవుల్లో తడి, డిస్కులో పొడి. అందరూ బాగుందన్నారు. నా చెవికి మాత్రం మొదటిదే మిన్న, ఎవరేమన్నా సరే.

ఆ ఆదివారం మాస్టారికి ఫోన్ చేసి నా గోడు వెళ్లబోసుకున్నాను. వెనకేసుకొస్తారని ఆశ. ఆయన పకపకా నవ్వారు.

"పొడిది దాచుకోలేదా నువ్వు?"

"మనం ఎప్పుడు దాచాం మాస్టారూ?"

"మనం కాదురా, నేను. బల్ల కింద కంప్యూటర్ దేనికనుకున్నావు? పాడేవాళ్ల మైకు తిన్నగా దాంట్లోకి పోయేది. పొద్దున తాళం తీసిన దగ్గర్నుంచి రాత్రి కట్టేసేదాకా తిరుగుతూనే ఉండేది. రేపు ఎవరైనా వచ్చి అమ్మ గొంతు బాగా వినబడట్లేదండీ అంటే ఏం చేస్తావు?"

"నాకు చెప్పలేదే?"

"అడిగావా?"

ఆరేళ్లు దాని మీద కాళ్లు పెట్టుకుని కూర్చున్నాను.

డిస్కులన్నీ బీరువాలో ఉన్నాయన్నారు. మొదటి ఏడాది వచ్చిన ఒక పెద్దావిడ రామదాసు కీర్తనలు పాడింది, ఆ గొంతు మళ్లీ వినాలని చాలాకాలంగా ఉంది. ఆవిడ ఇప్పుడు లేరు. సీడీలో ఉన్న పాట నాకు కంఠతా వచ్చు, మాస్టారి ఎడమచేతి రివర్బ్‌తో సహా. అది పొడిగా ఉంటే పంపమన్నాను. వారం తర్వాత ఫైలు వచ్చింది.

స్టూడియోలో అందరూ వెళ్లిపోయాక హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. ముందు ఫ్యాను. మూడో రెక్క దగ్గర టక్కుమనే ఆ ఫ్యానే. కింద వీధిలో ఆటో హారన్. ఆవిడ గాజులు సర్దుకున్న చప్పుడు, చిన్న దగ్గు, శ్రుతి అందుకోవడానికి లోలోపల తీసిన రాగం. మోత లేదు, గోపురం లేదు, నోటికి జానెడు దూరంలో చెవి పెట్టినట్టు ఉంది. పల్లవి ఎత్తుకోబోయి ఊపిరి పీల్చుకున్నారు. అంతలో దూరంగా మెట్ల మీద చెప్పుల చప్పుడు, దానితోపాటు గాజు గ్లాసులు ఒకదానికొకటి తగులుతున్న సన్నటి శబ్దం.

"ఒక్క నిమిషం ఆగండమ్మా" మాస్టారి గొంతు. "మా వాడు టీ తెస్తున్నాడు."