మొదట మిల్లీగ్రాములు, ఆ తర్వాతే మిల్లీలీటర్లు

చేతికి బ్లాక్ (నరాల దగ్గర మందు ఎక్కించి ఆ భాగాన్ని మొద్దుబార్చడం) ఇవ్వబోయే ముందు "ఎన్ని ఎం.ఎల్. లోడ్ చేయమంటారు సార్?" అని అడిగే పీజీ విద్యార్థిని నేను ముందుగా రోగి బరువెంతో, మందు గాఢత ఎంతో చెప్పమంటాను. మొద్దుబార్చే మందుల్లో 0.5 శాతం బుపివకైన్ అంటే మిల్లీలీటరుకు 5 మిల్లీగ్రాములు. 2 శాతం లిగ్నోకైన్ అంటే 20 మిల్లీగ్రాములు. ఈ లెక్క తెలియనివారు లేరు. అయినా సిరంజి చేతిలోకి రాగానే అలవాటైన పరిమాణమే ముందు గుర్తుకొస్తుంది.

ఇక్కడ హైదరాబాద్‌లో డయాలసిస్ కోసం ఫిస్టులా (చేతిలో ధమనిని సిరతో కలపడం) ఆపరేషన్‌కు వచ్చేవారిలో బక్కపలచని మనుషులు తరచుగా కనిపిస్తారు. 48 కిలోల మనిషికి బుపివకైన్ కిలోకు 2 మిల్లీగ్రాములు మించకూడదనుకుంటే మొత్తం 96 మిల్లీగ్రాములు, అంటే 0.5 శాతం మందులో 19 మిల్లీలీటర్లు. అలవాటు కొద్దీ 30 మిల్లీలీటర్లు ఎక్కిస్తే అది 150 మిల్లీగ్రాములవుతుంది. త్వరగా పట్టాలని అడ్రినలిన్ కలిసిన 2 శాతం లిగ్నోకైన్ 10 మిల్లీలీటర్లు చేర్చామనుకుందాం. ఆ మందుకు కిలోకు 7 మిల్లీగ్రాముల చొప్పున మన పరిమితి 336. అందులో 200 అప్పుడే ఖర్చయింది. రెండు మందుల విషప్రభావం ఒకదానికొకటి తోడవుతుంది కనుక మిగిలిన 40 శాతంలోనే బుపివకైన్‌ను సర్దుకోవాలి, అంటే దాదాపు 7.5 మిల్లీలీటర్లు. ఆపైన సర్జన్ గాయం దగ్గర ఇచ్చే లిగ్నోకైన్ కూడా ఇదే ఖాతాలో పడుతుంది. అందుకే ఆయన ఎంత ఇవ్వబోతున్నారో ముందే పైకి అడగడం మర్యాదకు లోపమని నేను అనుకోను.

ఈ పరిమితి చేరుకోవలసిన లక్ష్యం కాదు. వృద్ధులు, గర్భిణులు, కాలేయం గానీ గుండె గానీ బలహీనమైనవారికి ఇంకా తగ్గించాలి. స్థూలకాయులకు ఆదర్శ బరువును లెక్కలోకి తీసుకోవాలి. మందు రక్తంలోకి చేరే వేగం కూడా చోటును బట్టి మారుతుంది: పక్కటెముకల మధ్య ఇచ్చినది అన్నిటికంటే త్వరగా, తొడలోని నరాల దగ్గర ఇచ్చినది నెమ్మదిగా చేరుతుంది. అల్ట్రాసౌండ్‌లో సూది మొన, మందు వ్యాపించే తీరు కంటికి కనిపిస్తున్నప్పుడు తక్కువ మందే సరిపోతుంది. భుజానికి మెడ దగ్గర ఇచ్చే ఇంటర్‌స్కేలీన్ బ్లాక్‌లో పరిమాణం తగ్గిస్తే ఆ వైపు డయాఫ్రమ్ (ఊపిరి తీసుకునే ముఖ్య కండరం) బలహీనపడే అవకాశం తగ్గుతుంది. ఊపిరితిత్తుల జబ్బున్నవారికి అది చిన్న మేలు కాదు.

మందు విషప్రభావం మొదలైతే పెదవుల చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు వంటి హెచ్చరికలు ముందొస్తాయి కదా, అప్పుడు ఆపవచ్చులే అన్న ధీమా నాకు భయం కలిగిస్తుంది. నిజాం సహాయంతో ఈ నగరంలోనే పనిచేసిన రెండవ క్లోరోఫామ్ కమిషన్, ఆనాటి మత్తుమందు క్లోరోఫామ్ వల్ల గుండె కంటే ముందు శ్వాసే ఆగుతుందని 1889లో తేల్చింది. 1911లో లెవీ అనే పరిశోధకుడి ప్రయోగాలు క్లోరోఫామ్ నేరుగా గుండె లయనే దెబ్బతీయగలదని చూపాయి. బుపివకైన్ విషయంలోనూ మూర్ఛ, గుండె ఆగడం దాదాపు ఒకేసారి రావచ్చని 1979లో ఆల్‌బ్రైట్ అనే మత్తు వైద్యుడు హెచ్చరించారు. అందువల్ల లెక్క ముందే పూర్తవ్వాలి, మందును కొద్దికొద్దిగా, ప్రతిసారీ వెనక్కి లాగి రక్తం రావడం లేదని చూసుకుంటూ ఇవ్వాలి.

బోర్డు మీద మోతాదు పక్కనే విషప్రభావానికి విరుగుడుగా సిరలోకి ఇచ్చే కొవ్వు ద్రావణం, 20 శాతం లిపిడ్ ఎమల్షన్ లెక్క కూడా రాయిస్తాను. మన 48 కిలోల రోగికి కిలోకు 1.5 చొప్పున 72 మిల్లీలీటర్లు రెండు మూడు నిమిషాల్లో, ఆ తర్వాత నిమిషానికి 12 మిల్లీలీటర్లు. ఆ సీసా ఏ అరలో ఉందో బ్లాక్ మొదలుకాకముందే సిస్టర్ చూసి చెప్పాలి.